అప్‌డేట్: చివరికి ఏ యాక్షన్ కెమెరా తీసుకున్నానంటే

బైక్ రైడ్లకి గోప్రో హీరో 12 బ్లాక్ మేలా, డీజేఐ ఓస్మో యాక్షన్ 4 మేలా అని అడిగాను కదా, ఓస్మోనే తీసుకున్నాను. హీరోలో 5.3కె వీడియో వస్తుంది, ఇది 4కె దగ్గరే ఆగిపోతుంది, మొదట్లో అదే మనసులో పీకింది. కానీ నేను చూసేదంతా ఫోన్‌లోనే, అక్కడ తేడా ఏం తెలుస్తుంది చెప్పండి. నన్ను ఒప్పించింది సెన్సర్ (వెలుతురు పట్టే చిప్), అది పెద్దదైతే చీకట్లో వీడియో మెరుగ్గా వస్తుంది. ఇందులో 1/1.3 అంగుళాలది, హీరోలో అంతకంటే చిన్నది, 1/1.9 అంగుళాలది, నా రైడ్లేమో సగం పొద్దుగూకాకే. కేసు లేకుండా ఇది నీళ్లలో 18 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది, హీరో 10 మీటర్లు (నేను తడిసేది వానలో మాత్రమే అనుకోండి).

ఒక్కటి మాత్రం ముందే తెలిస్తే బాగుండేది. మొదటి రాత్రి వీడియో అంతా వణికినట్టు వచ్చింది, స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంది, పీస్ పాడైందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే చీకట్లో షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్ తీసే వేగం) తగ్గిపోయి ఒక్కో ఫ్రేమూ మసకబారుతుంది, ఆ మసకని స్టెబిలైజేషన్ సరిచేయలేదు, ఏ కెమెరా అయినా ఇంతే. షట్టర్ పెంచి పెట్టాక వణుకు తగ్గింది, గ్రెయిన్ (బొమ్మలో చుక్కలు చుక్కలుగా కనపడటం) కొంచెం పెరిగింది, నాకు ఓకే. మైక్ సంగతి ఇంకా తేలలేదు, హెల్మెట్‌లో గాలి హోరు తప్ప ఏమీ వినపడట్లేదు.