టాస్క్ మేనేజర్‌లో ఒకే ప్రోగ్రాంకి రెండు రకాల సీపీయూ శాతం. ఏది నమ్మాలి?

ఎన్‌కోడర్_పిచ్చి:
విండోస్ 10 ల్యాప్‌టాప్. వీడియో కన్వర్ట్ పెట్టి టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసెస్ ట్యాబ్‌లో ఆ ప్రోగ్రాం 70% దగ్గర ఉంటోంది. వెంటనే డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్తే అదే ప్రోగ్రాం 40. ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా అదే తేడా.

ఛార్జర్ పీకితే ఇంకో చిత్రం. మెషీన్ నత్తనడక నడుస్తుంది, కానీ గ్రాఫ్ 50 దాటదు. డీటెయిల్స్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ (ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయాన్ని చూపే వరస) మాత్రం సున్నా! మరి మిగతా సగం ఎవరు తింటున్నట్టు? వైరస్ స్కాన్ చేశా, ఏమీ దొరకలేదు.

పాత_టెర్మినల్:
వైరస్ గోల వదిలేయండి. పర్ఫార్మెన్స్ ట్యాబ్ కింద బేస్ స్పీడ్, అంటే ప్రాసెసర్‌కి రాసిచ్చిన మామూలు వేగం, ఎంతుంది? పని నడుస్తున్నప్పుడు స్పీడ్ ఎంత చూపిస్తోంది?

ఎన్‌కోడర్_పిచ్చి:
బేస్ 2.00 గిగాహెర్ట్జ్. ఛార్జర్ ఉంటే స్పీడ్ 3.50 దగ్గర ఆడుతోంది, తీసేస్తే 1.00.

పాత_టెర్మినల్:
అదీ సంగతి. డీటెయిల్స్ చూపించేది 'ప్రాసెసర్ టైమ్': గడిచిన సమయంలో ప్రాసెసర్ ఎంతసేపు ఖాళీగా లేదు అన్నది, అంతే. ప్రాసెసెస్, పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లు విండోస్ 8 నుంచి 'ప్రాసెసర్ యుటిలిటీ' చూపిస్తున్నాయి. అందులో ఆ టైమ్‌ని అప్పటి స్పీడ్‌తో హెచ్చించి బేస్ స్పీడ్‌తో భాగిస్తారు.

మీ అంకెలే వేసి చూడండి. 40 × 3.5 ÷ 2 = 70. ఛార్జర్ తీసేస్తే 100 × 1 ÷ 2 = 50. ఆ మిగతా సగాన్ని ఎవరూ తినడం లేదు, ప్రాసెసర్ సగం స్పీడుకే పరిగెడుతోంది.

టర్బోలో, అంటే బేస్ కంటే ఎక్కువ స్పీడులో, ఉన్నప్పుడు ఈ లెక్క 100 దాటుతుంది కూడా. టాస్క్ మేనేజర్ 100 దగ్గర కోసేస్తుంది. పర్ఫార్మెన్స్ మానిటర్‌లో యుటిలిటీ కౌంటర్ పెట్టుకుంటే 120, 130 కూడా కనిపిస్తాయి. లెక్క తప్పని నేననను. కానీ రెండు వేర్వేరు కొలతలకి 'సీపీయూ' అని ఒకే పేరు తగిలించారు చూడండి, నా ఒళ్ళు మండేది అక్కడే. 2025లో విండోస్ 11 అప్‌డేట్లలో అన్ని ట్యాబ్‌లకీ ఒకే కొలత తెచ్చి, పాతదాన్ని 'సీపీయూ యుటిలిటీ' అని డీటెయిల్స్‌లో విడి కాలమ్‌గా పెట్టారు. ఇన్నాళ్ళకి!

ఇక మీ పని: పవర్ ఆప్షన్స్‌లో ఆన్ బ్యాటరీ కింద 'మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్' చూడండి.

కెర్నల్_కాపలా:
లైనక్స్‌లో దీనికి తమ్ముడున్నాడు. టాప్ అనే కమాండ్ అక్కడి టాస్క్ మేనేజర్ లాంటిది. అందులో ఒక ప్రాసెస్ 400% అని కనిపిస్తే జడుసుకోకండి, అక్కడ ఒక్కో కోర్‌కి 100. షిఫ్ట్ ఐ నొక్కితే మొత్తం మీద శాతంలోకి మారుతుంది.

ఎన్‌కోడర్_పిచ్చి:
ఆన్ బ్యాటరీ 50%కి పెట్టి ఉంది! 100 చేశా, కుదుటపడింది. అయితే ఇకమీదట టైమ్ అంకెనే నమ్మమంటారా?

పాత_టెర్మినల్:
ఖాళీ ఉందా లేదా అన్నంత వరకు నమ్మొచ్చు. అంతకుమించి వద్దు. మెమరీ నుంచి డేటా రాక ప్రాసెసర్ ఊరికే ఎదురుచూసినా దాన్ని బిజీ కిందే రాస్తుంది. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ విండోస్‌కి రెండుగా కనిపించే ఏర్పాటు) ఉంటే మరీను. ఒక్కో కోర్‌కి ఒక్కో థ్రెడ్ (పని పాయ) చొప్పున నడిపితే టైమ్ అంకె 50 అంటుంది, ఇంకా సగం మిగిలిందనుకుంటాం. థ్రెడ్లు రెట్టింపు చేసి చూడండి, వేగం రెట్టింపు కాదు. మీ కన్వర్టర్‌కైతే సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసుకోండి, అది చాలు.