చివరి తనిఖీలో లోపం దొరికితే రిజిస్ట్రేషన్ ఆపాలా?

ప్రశ్నలపుట్ట: పాత ఫ్లాట్ కొంటున్నాం. ఇంజనీరు చూసి వెళ్లి చాలా రోజులైంది. బాత్రూమ్ లీకేజీ బాగుచేయించి ఇస్తామని అమ్మేవాళ్లు అగ్రిమెంట్‌లో రాశారు. వచ్చే వారం రిజిస్ట్రేషన్. ముందురోజు ఒకసారి చూస్తామంటే "చూశారుగా, మళ్లీ ఎందుకు" అంటున్నారు. చూశాక ఏదైనా తేడా కనిపిస్తే వాయిదా వేయడం సబబేనా, లేక కొంత డబ్బు ఆపుకుని కానిచ్చేయాలా? ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి.

మూడోఅంతస్తు: చూసి తీరాలి. తేడా ఉంటే ఆపాలి. మిగతా డబ్బు మీ చేతిలో ఉన్నంతవరకే వాళ్లు మీ ఫోన్ ఎత్తుతారు. సంతకాలయ్యాక "మేస్త్రీ ఊళ్లో లేడండీ" అనే మాటే వింటారు.

వానకోయిల: వాయిదా వేస్తే మీకూ నష్టమే కదండీ. లోన్ మంజూరుకు గడువుంటుంది. ఉన్న ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పేసి ఉంటారు. అమ్మేవాళ్లు ఆ డబ్బుతోనే ఇంకో ఇల్లు కొంటుండొచ్చు. అగ్రిమెంట్ గడువు దాటితే మాట తప్పింది మీరేనంటారు. కుళాయి కారుతోందని ఇంత తలనొప్పి తెచ్చుకుంటామా?

తాపీపని: ఆపాలా వద్దా తర్వాత, ముందు ఎలా చూడాలో చెబుతా. ఇంజనీరు వచ్చినప్పుడు ఇంటినిండా సామానుంటుంది. బీరువా వెనక గోడ, మంచం కింద టైల్స్ ఎవరూ చూడరు. అందుకే ఇల్లు ఖాళీ చేశాక వెళ్లండి, అదీ పగలు, కరెంటూ నీళ్లూ ఇంకా ఉండగానే.

లీకేజీ బాగుచేశామని కొత్త టైల్ చూపిస్తే అది రుజువు కాదు. బాత్రూమ్‌లో నీళ్లు పోయే కన్నం మూసి, నేలమీద నీళ్లు నిలబెట్టి ఒక రోజు వదిలేయండి. తర్వాత కింది ఇంటి సీలింగ్, పక్క గది గోడ చూడండి. గోడకు ఒక్క ముక్కలోనే కొత్త పెయింట్ ఉందంటే అనుమానించాల్సిందే. నెమ్మున్న గోడ రంగు వేసిన కొత్తలో నున్నగానే ఉంటుంది, ఆ తర్వాత పొక్కులు లేస్తాయి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. నీళ్ల మీటరుంటే అన్ని కుళాయిలూ కట్టేసి, ఫ్లష్ ట్యాంకులు నిండాక చూడండి. అప్పటికీ తిరుగుతుంటే ఎక్కడో పైపు కారుతున్నట్టే.

అమ్మినమనిషి: అవతలి వైపు మాట కూడా వినండి. చివరి తనిఖీని బేరం కోసం వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటిరోజే కనిపించిన గోడ గీత, బిగుసుకున్న తలుపు అప్పుడే గుర్తొస్తాయి! ఈ తనిఖీ ఉన్నది ఒప్పుకున్న రిపేర్లు అయ్యాయా, ఇస్తామన్న గీజరూ ఫ్యాన్లూ ఉన్నాయా, సామాను దించేటప్పుడు ఏమైనా పగిలిందా చూడటానికే. ఇల్లు మళ్లీ కొత్తగా చూపించడానికి కాదు.

ప్రశ్నలపుట్ట: మరి బీరువా వెనక దాచిన నెమ్ము బయటపడితేనో?

అమ్మినమనిషి: తెలిసి దాస్తే అది వేరే సంగతి. ఆపండి.

మూడోఅంతస్తు: తెలిసి దాచారో, నిజంగానే తెలియదో ఎవరు తేలుస్తారు సార్? గోడ తడిగా ఉందా లేదా అన్నదొక్కటే నాకు కావాలి.

వానకోయిల: అందుకేగా డబ్బు ఆపుకోమనేది! కాకపోతే నోటిమాట మీద కాదు. ఎంత ఆపాం, ఏ పనికి, ఏ తేదీలోపు, చేయకపోతే ఆ డబ్బు ఎవరికి అన్నవి కాగితం మీద ఉండాలి. డబ్బు ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషి, వీలైతే లాయర్ దగ్గర ఉంచాలి. లోన్ ఉంటే బ్యాంకుకూ ముందే చెప్పాలి.

తాపీపని: వానకోయిల గారూ, పగిలిన అద్దానికి, పాడైన స్విచ్‌కి అది సరిపోతుంది, ఖర్చు ఎవరైనా లెక్క కట్టి చెప్పగలరు. నెమ్ముకీ స్లాబ్ పగులుకీ పగలగొట్టి చూడకుండా ఎంతవుతుందో ఏ మేస్త్రీ చెప్పలేడు. వైరింగ్ కాలిన వాసన వచ్చినా అంతే. మరి ఎంత ఆపుకుంటారు? అలాంటివాటికి రిజిస్ట్రేషనే ఆపాలి.

వానకోయిల: స్లాబ్ విషయంలో ఒప్పుకుంటా. నెమ్ముకి మాత్రం ఇద్దరు మేస్త్రీల అంచనా తీసుకుని, పెద్ద అంకెకు ఇంకొంచెం కలిపి ఆపుకుంటే చాలంటాను.

మూడోఅంతస్తు: ఇంకోటి. "రిజిస్ట్రేషన్ అయ్యాక వారంలో ఖాళీ చేస్తాం" అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. అప్పుడిక తనిఖీ చేసేదేముంది?

ప్రశ్నలపుట్ట: లేదండీ, రెండు రోజుల ముందే ఖాళీ చేస్తామన్నారు. ఆ సాయంత్రమే నీళ్లు నిలబెడతాం. కింది ఇంటివాళ్లు సీలింగ్ చూడనిస్తారో లేదో మరి.

తాపీపని: మరక ఉంటే మీరు అడక్కముందే పిలిచి చూపిస్తారు.