4 టీబీ డిస్క్ బిగిస్తే 2 టీబీయే వాడుకోనిస్తోంది, పెళ్లి ఫొటోలున్నాయి, సాయం చేయండి

తెనాలి స్టూడియో:
అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో నాది. సిస్టమ్ పాతదే: కోర్ 2 డ్యుయో, జీ31 బోర్డు, విండోస్ 7. విండోస్ ఎస్ఎస్‌డీలో ఉంది. ఫొటోలున్న 1 టీబీ డిస్క్ వారం నుంచి టిక్ టిక్ అంటోంది. భయమేసి 4 టీబీది తెచ్చి బిగించాను. ఎస్ఎంపీఎస్‌లో (సిస్టమ్‌కు కరెంటిచ్చే పెట్టె) డిస్క్‌కు పెట్టే సాటా పవర్ పిన్ను మిగల్లేదు, పాత రకం మోలెక్స్ పిన్నును సాటాగా మార్చే కన్వర్టర్ తగిలించాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 2048 జీబీ ఒక ముక్క, పక్కన నల్ల గీతతో 1678.02 జీబీ ఇంకో ముక్క. రెండోదాని మీద రైట్ క్లిక్ చేస్తే ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ నొక్కడానికే రావట్లేదు. మొదటి ముక్కలోకి సగం ఫొటోలు ఎక్కించేశాను. షాపులో బోర్డు మార్చాల్సిందే అన్నారు. నిజమేనా? పన్నెండేళ్ల పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి. ఆల్బమ్ తడిసిపోయిందని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

పాత బోర్డుల రిపేరు:
బోర్డు మార్చక్కర్లేదండి. డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసిపెట్టే పట్టిక ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో తయారైంది, అదే సమస్య. ఎంబీఆర్‌లో సెక్టార్ (డిస్క్‌లోని చిన్న గడి) నంబరుకు 32 బిట్లే చోటు. సెక్టార్‌కు 512 బైట్లు, కాబట్టి 2 టీబీ దగ్గర నంబర్లు అయిపోతాయి. జీపీటీ అనే కొత్త పద్ధతిలో 64 బిట్లు. విండోస్ 7 జీపీటీ డిస్క్‌ను డేటా కోసం చక్కగా వాడుకుంటుంది. మీ బోర్డులో యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త స్టార్టప్ ప్రోగ్రామ్) లేదు కనుక జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ అవ్వదు, కానీ మీకు ఆ అవసరమే లేదు. పార్టిషన్ (ఆ 2048 జీబీ ముక్క) డిలీట్ చేసి, ఎడమవైపు డిస్క్ నంబరు మీద రైట్ క్లిక్ చేస్తే ‘కన్వర్ట్ టు జీపీటీ డిస్క్’ వస్తుంది. పార్టిషన్ ఉన్నంతసేపూ అది పనిచేయదు.

బ్యాకప్ ముందు:
అన్నా, ఇప్పుడే డిలీట్ కొట్టకండి! టిక్ టిక్ అనే డిస్క్ రెండోసారి చదవనిస్తుందన్న నమ్మకం లేదు. మిగతా సగం కూడా ఇప్పుడున్న 2048 జీబీలోకే లాగేయండి, 1 టీబీ మొత్తం పడుతుంది. ఆ తర్వాత ఎవరినైనా బయటి డిస్క్ అడిగి తెచ్చుకుని అందులోకి కాపీ చేసి, నాలుగు ఫోల్డర్లు తెరిచి చూసుకుని, అప్పుడు జీపీటీ చేయండి.

పాత బోర్డుల రిపేరు:
అవును, ముందు అదే చేయండి. నేనే మొదట చెప్పాల్సింది. ఆ కన్వర్టర్ కూడా ఒకసారి చూడండి. సాటా పిన్ను దగ్గర వైర్లు ప్లాస్టిక్‌లో పోతపోసినట్టు కలిసిపోయి ఉంటే తీసేయండి. ఆ రకం లోపల షార్ట్ అయి కాలిపోతుంది. వైర్లు విడివిడిగా గుచ్చి ఉన్నది తెచ్చుకోండి.

తెనాలి స్టూడియో:
నాలుగు రోజులు పట్టింది. కన్వర్టర్ పోతపోసినదే, మార్చేశాను. పాత డిస్క్ రెండుసార్లు ఆగిపోయింది. ఫ్యాను దాని మీదికి తిప్పిపెట్టి రాత్రంతా కూర్చుని లాగాను. బావమరిది బయటి డిస్క్ ఇచ్చాడు. ఇప్పుడు 3725.90 జీబీ ఒకే ముక్కగా కనిపిస్తోంది. 2016 మాఘమాసం పెళ్లి ఒకదానిలో తలంబ్రాల ఫొటోలు నలభై దాకా తెరుచుకోవడం లేదు. వాళ్లది మా వీధి చివరి ఇల్లే. రేపు వెళ్లి ఆల్బమ్ అడిగి తెచ్చుకుని, ఆ పేజీలు స్కాన్ చేసి పెడతాను.