36 ఏళ్లకి అకౌంట్స్ వదిలేసి ఫార్మసీ చదవడం తెలివైన పనేనా?

పద్దుపుస్తకం: పన్నెండేళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నాను. మా నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. ఓసారి మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ కొనబోతే కౌంటర్ వెనకున్న ఫార్మసిస్టు ఇవ్వనన్నారు. ఆ రెండూ కలిస్తే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పారు. అప్పటినుంచి ఆ పని మీద మనసు పడింది. ఇంట్లో మాత్రం "ఈ వయసులో మళ్లీ కాలేజీయా?" అంటున్నారు. ఉన్నమాట చెప్పండి.

రాత్రిడ్యూటీ: వద్దండి. తొమ్మిదేళ్లుగా ఇందులోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. మీరు చూసింది ఆ రెండు నిమిషాలే. మిగతా రోజంతా నిలబడే ఉంటాం. ఒక చేతిలో ఫోను, ఎదురుగా "ఇంకెంతసేపు?" అనే క్యూ, వెనక ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు. ఆ గోలలోనే హైడ్రాక్సిజీన్‌కీ హైడ్రలాజీన్‌కీ తేడా పట్టాలి. ఒకటి దురదకి, ఇంకోటి బీపీకి. పేర్లు కవలపిల్లల్లా ఉంటాయి, డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. అకౌంట్స్‌లో తప్పు పడితే ఎంట్రీ రివర్స్ చేస్తారు. ఇక్కడ మందు లోపలికి వెళ్లాక రివర్స్ ఎంట్రీ ఉండదు.

మళ్లీబడికి: @రాత్రిడ్యూటీ, మీరు భయపెట్టడానికి రాసిన ఆ చివరి మాటే నాకు ఈ పని నచ్చడానికి కారణం. నేను 39లో టీచరు ఉద్యోగం వదిలి వచ్చాను. మొదటి ఏడాది కెమిస్ట్రీ చుక్కలు చూపించింది, అది దాచను. పక్క బెంచీ పిల్లలు నన్ను మేడం అని పిలిచి నోట్సు మాత్రం వాళ్లే ఇచ్చేవాళ్లు!

ఒక్క సంగతి చెబుతా. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఒక చీటీలో "రోజూ" అని పడింది. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుకు ఫోన్ చేసి సరిచేయించాను. పేషెంటుకు "ఏ రోజు వేసుకుంటారో మీరే చెప్పండి" అన్నా. ఆవిడ బుధవారం అంది. డబ్బా మీద "బుధవారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసిచ్చాను. ఆవిడకి ఆ తప్పు సంగతి ఇప్పటికీ తెలియదు.

సాఫ్ట్‌వేర్‌సుబ్బడు: ఇదంతా రేపు మెషీన్లే చేస్తాయి కదా? మాత్రలు లెక్కపెట్టే రోబోలు ఇప్పటికే ఉన్నాయి. మునిగే పడవ ఎక్కడం దేనికి?

రాత్రిడ్యూటీ: ఈ విషయంలో మాత్రం నేను మళ్లీబడికి గారి వైపే. లెక్కపెట్టే పని పోతే పోనీ, పీడా విరగడవుతుంది. మా కంప్యూటర్ రోజంతా హెచ్చరికలు ఇస్తూనే ఉంటుంది, అందులో చాలా వరకు అనవసరమైనవే. ఏది నిజంగా ఆపాలి, ఏది వదిలేయాలి అన్నదే అసలు పని. కిడ్నీలు సగమే పనిచేసే మనిషికి మోతాదు తగ్గించమని డాక్టరుతో మాట్లాడి ఒప్పించడం రోబో వల్ల కాదు. కాకపోతే పని ఉంటుందన్నాను, సుఖం ఉంటుందనలేదు.

కోల్డ్‌చైన్: అందరూ కౌంటరు గురించే మాట్లాడుతున్నారు. నేను కౌంటరు మొహమే చూడను. మందు మార్కెట్లోకి వచ్చాక బయటపడే దుష్ప్రభావాల రిపోర్టులు పరిశీలిస్తాను, ఫార్మకోవిజిలెన్స్ అంటారు. ఆడిట్ అలవాటున్నవాళ్లకి ఇదీ, నాణ్యతా విభాగమూ బాగా సరిపోతాయి. పద్దుపుస్తకం గారూ, దీనికి పూర్తి ఫార్మసిస్టు లైసెన్సు ప్రతిచోటా అడగరు. డిగ్రీకి చాలా చోట్ల నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది, ఆపైన లైసెన్సు. వేరే దేశం వెళ్తే అక్కడ మళ్లీ పరీక్షలు. మీకు కావలసింది మనుషులా, మందులా అన్నది ముందు తేల్చుకోండి.

పద్దుపుస్తకం: మనుషులే. నాన్నగారి విషయంలో నన్ను కదిలించింది ఆ రెండు నిమిషాల మాటే. కానీ ఆరేళ్లంటే గుండె జారింది.

మళ్లీబడికి: అయితే ఉద్యోగం ఇప్పుడే వదలకండి. ముందు సెలవురోజుల్లో ఎక్కడైనా సహాయకుడిగా చేరండి. సరుకు సర్దడం, తేదీలు చూడటం, ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందో లేదో రాయడం, ఇవే ఇస్తారు. మూడు నెలలు చూడండి.

రాత్రిడ్యూటీ: అందులోనూ పండగ ముందురోజు సాయంత్రం షిఫ్టు అడిగి మరీ తీసుకోండి. మెత్తని చెప్పులు కొనుక్కోండి.

పద్దుపుస్తకం: శనివారాలకి ఒకచోట అడిగి వచ్చాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెప్పులు కొన్నాను.