సమస్యాపూరణం: “పుస్తకము వీడి కత్తినిఁ బూనె గురుఁడు”

నిర్వాహకుఁడు:
ఈ వారపు సమస్య ఒక కంచు విగ్రహం దగ్గర పుట్టింది. 1506 నవంబరులో బొలోన్యా నగరాన్ని లొంగదీసుకున్న పోప్ రెండవ జూలియస్, అక్కడి సాన్ పెట్రోనియో ఆలయ ద్వారం మీద నిలపడానికి తన భారీ కంచు ప్రతిమను పోయమని మైకెలాంజెలోను ఆజ్ఞాపించాడు. ఎడమ చేతిలో పుస్తకం పెట్టమంటారా అని శిల్పి అడిగితే, పుస్తకమెందుకు, కత్తి పెట్టు, నాకు చదువు రాదు అని ఆయన బదులిచ్చినట్టు, ఆ శిల్పి జీవితకథ రాసిన వసారి చెప్పాడు. ఆ మాట చదివిన నాటి నుండి నన్ను వదలలేదు; చివరికి ఇలా పాదమై కూర్చుంది.

పుస్తకము వీడి కత్తినిఁ బూనె గురుఁడు

ద్రోణుణ్ణీ, కృపుణ్ణీ, పరశురాముణ్ణీ ఈ సారికి పక్కన పెట్టి, పూరణలను ఆ పోపు చుట్టూనే నడపవలసిందిగా మనవి. తెలియనివారి కోసం రెండు మాటలు: 1471లో తండ్రి సోదరుడు నాలుగవ సిక్స్టస్ పోపు కాగానే ఆ ఏడే కార్డినల్ (పోపును ఎన్నుకునే ఉన్నత మతాధికారి) అయిన ఈ జూలియానో దెల్లా రోవెరె, 1492లో రోడ్రిగో బోర్జియా (ఆరవ అలెగ్జాండర్ పోపు) చేతిలో గద్దెను పోగొట్టుకొని, 1494లో ఫ్రాన్సుకు పారిపోయి, ఫ్రెంచి రాజు ఎనిమిదవ చార్లెస్ సేనతో కలిసి తిరిగి ఇటలీకి వచ్చినవాడు. 1503లో బోర్జియా చనిపోయాక ఎన్నికైన మూడవ పయస్ నెల తిరగకుండానే కన్నుమూయగా, నవంబరు 1న ఒక్క రోజులోనే ముగిసిన ఎన్నికలో ఈయన పోపు అయ్యాడు. పదేళ్లు కూడా ఏలలేదు, కాని ఆ కొద్ది కాలంలో ఆయన గుర్రం దిగిన రోజులు తక్కువ.

గౌతమి:
చలి మిరండోల కోటపై జడిగొనంగ
నిచ్చెనల నెక్కి గోడపై నిలిచినట్టి
యఱువదేడేండ్ల ప్రాయాన నలుపు లేక
పుస్తకము వీడి కత్తినిఁ బూనె గురుఁడు

1511 జనవరిలో మిరండోలా ముట్టడిని మంచులో నిలబడి స్వయంగా నడిపించాడు. కోట లొంగిన తరువాత, ద్వారాలు పూడ్చివేసి ఉన్నందున, తెరిచేదాకా ఆగలేక గోడకు నిచ్చెన వేయించి లోపలికి దిగాడు. ఆ దృశ్యం ఒక్కటి చాలునని నాకనిపించింది.

పినాకిని:
గౌతమి గారూ, మొదటి పాదం చదువుతుంటే నిజంగా చలి వేసింది. “జడిగొనంగ” అన్న మాట ఆ చోటికి పుట్టినట్టే ఉంది. అయితే సమస్యలో రెండు వస్తువులున్నాయి. మీ మూడు పాదాలూ కత్తిని మోస్తున్నాయి కాని పుస్తకానికి ఎక్కడా ఆధారం లేదు. వీడినది ఏ పుస్తకం, ఎందుకు వీడాడు అన్న ప్రశ్న మిగిలిపోయింది. సమస్యను సగం పూరించి సగం మోసుకొచ్చినట్టయింది.

మంజీర:
పినాకిని గారి ఆక్షేపణ న్యాయమే. కాని మూడవ పాదంలో ఉన్న అందాన్ని ఆయన చూడకుండా దాటిపోయారు. “ప్రాయాన నలుపు లేక” అన్నప్పుడు అలుపు లేకపోవడం ఒక అర్థం, నలుపు లేకపోవడం మరొక అర్థం. ఆ రోజులకు ఆయన గడ్డం పెంచుతున్నాడు. ఫ్రెంచివారిని ఇటలీ నుండి తరిమేదాకా గడ్డం తీయనని పట్టుబట్టాడని చెబుతారు. రాఫెల్ చిత్రించిన ముఖంలో ఆ గడ్డం తెల్లగా ఉంటుంది. ఈ శ్లేష కవయిత్రి బుద్ధిపూర్వకంగా కూర్చిందైతే నా నమస్కారం.

గౌతమి:
అలుపు ఒక్కటే నా మనసులో ఉంది, మంజీర గారూ. నలుపును చూపించినందుకు మీకే నమస్కారం. పుస్తకం లేదన్న మాటను మాత్రం ఒప్పుకొంటున్నాను.

పినాకిని:
నా పూరణ:

ఎడమ చేతను పుస్తక మిడుదు నన్న
శిల్పితో నవ్వి “చదువేల? చేర్చు ఖడ్గ”
మనుచుఁ బల్కంగఁ గంచులో నమరునట్లు
పుస్తకము వీడి కత్తినిఁ బూనె గురుఁడు

తుంగభద్ర:
నిర్వాహకులు సమస్యతో పాటు చెప్పిన కథనే పినాకిని గారు తిరిగి పద్యంగా చెప్పారు. నడక సాఫీగా ఉంది. రెండవ పాదం నుండి మూడవ పాదంలోకి “ఖడ్గము” జారిన తీరు ఆయన చేతికి తగినదే. కాని పూరణ అంటే ఇచ్చిన సమాధానాన్ని అప్పగించడం కాదు కదా. పైగా కత్తి పెట్టమన్నది ఒక మాట. కంచులో కత్తి పోశారనడానికి ఆ మాట చాలదు. మూడవ పాదాన్ని “మనుచుఁ బల్కంగ మాటలో నపుడె చూడ” అని మార్చితే చరిత్రా నిలుస్తుంది, యతీ నిలుస్తుంది.

పినాకిని:
మాటలో మాత్రమే కత్తిని పూనినట్టు చెప్పడం బాగుంది, స్వీకరిస్తున్నాను. కథను తిరిగి చెప్పానన్న మాట కొంత నొప్పించినా, అదీ నిజమే. ఇక మీ పూరణ కోసం ఎదురుచూస్తున్నాను.

తుంగభద్ర:
ఓట్లు కొని గద్దె నెక్కియు నొరుల కొఱకుఁ
గొనిన వారల గెలుపింకఁ గూడ దనుచుఁ
జట్టమును వ్రాసి సంతకం చేసి లేచి
పుస్తకము వీడి కత్తినిఁ బూనె గురుఁడు

ఇక్కడ పుస్తకం ధర్మశాసనం. 1503 ఎన్నికలో ఆయన కార్డినల్స్‌కు చేసిన వాగ్దానాలకు లెక్క లేదు. స్పెయిన్ కార్డినల్స్ మద్దతు కోసం పాత పోపు కొడుకు సీజర్ బోర్జియాకు సేనాధిపత్యం నిలుపుతానని మాట ఇచ్చి, గద్దె ఎక్కాక అతణ్ణే పట్టించి కోటలన్నీ లాక్కున్నాడు. ఆ మనిషే, డబ్బుతో గెలిచిన పోపు ఎన్నిక చెల్లదని శాసనం తెచ్చాడు. శాసనం పుస్తకంలో ఉండిపోయింది, ఆయన మాత్రం దండెత్తి పెరూజియా నగరం దారి పట్టాడు.

గౌతమి:
తుంగభద్ర గారూ, ఆలోచన ఇంతవరకు వచ్చిన వాటిలో అన్నింటికన్నా లోతైనది. పుస్తకాన్ని శాసనం చేయడంతో సమస్యలోని రెండు సగాలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అందుకే మూడవ పాదం చూసి బాధ కలిగింది. “జట్ట”కు “చేసి” ఎలా కుదిరింది? హల్లు మైత్రి ఉంది, అచ్చు మైత్రి లేదు. అకారానికి ఏకారం కలవదు. “సంతకం” అన్న రూపం కూడా పద్యంలో నిలవదు. పోయిన నెలలో నా పూరణలో ఇటువంటి యతినే పట్టుకొని మీరు మూడు వ్యాఖ్యలు రాశారు, నేను ఒక్కటే రాస్తున్నాను.

పినాకిని:
సవరణ నేను ఇస్తాను:

జట్టమును వ్రాసి దండుతో సాగునపుడు

ఇప్పుడు యతి చెల్లింది, అంతకన్నా ముఖ్యంగా “సంతకం చేసి లేచి” అన్న ఖాళీ మాటల స్థానంలో కత్తికి కారణం వచ్చింది. అయితే ఒక విషయం చెప్పాలి. 1506లో పెరూజియా చేరినప్పుడు ఆయన తన సేన రాకకోసం ఆగకుండానే నగరంలోకి నడిచాడు. బాల్యోని వంశపు దొర తన సైనికుల మధ్య ఉండి కూడా ఆయన మీద చేయి వేయలేకపోయాడు. దగ్గరుండి చూసిన ఫ్లోరెన్సు దూత మాకియవెల్లికి ఆ సంగతి ఎన్నాళ్లకూ మింగుడుపడలేదు. కాబట్టి ఆయన ఆయుధం కత్తి కన్నా ముందు తెగువ. సమస్యలో ఆ మాటకు చోటు లేదు, అయినా తలుచుకోకుండా ఉండలేకపోయాను.

తుంగభద్ర:
తప్పు నాదే, సవరణ నాకు శిరోధార్యం. గౌతమి గారు ఒక్క వ్యాఖ్యతో సరిపెట్టిన ఔదార్యాన్ని గుర్తుంచుకుంటాను.

మంజీర:
ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి.

ఒరనుఁ జేర్పుము వాలు నం చొజ్జ పలుక
వినిన పేతురు పీఠాన వెలసి కూడ
ముందు పుటలోని కథలోనె మునిఁగి పోయి
పుస్తకము వీడి కత్తినిఁ బూనె గురుఁడు

గౌతమి:
నాలుగు సార్లు చదివాను. యోహాను సువార్త 18వ అధ్యాయంలో పదవ వచనంలో ప్రభువు శిష్యుడు పేతురు కత్తి దూసి, ప్రధాన యాజకుని దాసుడైన మల్కు చెవి నరుకుతాడు. పదకొండవ వచనంలో కత్తిని ఒరలో ఉంచమని ప్రభువు ఆజ్ఞ. తొలి పోపుగా భావించే ఆ పేతురు గద్దె మీద కూర్చున్నవాడు పదవ వచనం దగ్గరే పుస్తకం మూసేశాడన్న ఊహ ముందు మా పూరణలన్నీ నిలవలేవు. ఇక్కడ “వీడి” అన్న క్రియకు మొదటిసారి పని దొరికింది.

నిర్వాహకుఁడు:
నేనూ అదే అంటాను. “ఒజ్జ” అన్న తెలుగు మాటను ప్రభువుకూ, “గురుఁడు” అన్న మాటను పోపుకూ ఇచ్చి, ఇద్దరి మధ్య దూరాన్ని మాటల్లోనే చూపించారు. బొలోన్యాలోకి పోపు విజయోత్సవంతో ప్రవేశించడాన్ని పండితుడు ఎరాస్మస్ కళ్లారా చూశాడు. ఈయన పేతురు వారసుడా, జూలియస్ సీజరు వారసుడా అన్న ప్రశ్న ఆనాటి ఆలోచనాపరులను వేధించింది. అదే ప్రశ్నను మంజీర గారు నాలుగు పాదాల్లో అడిగారు.

పినాకిని:
పూరణ గొప్పది, సందేహం లేదు. కాని మొత్తం మనిషిని ఈ పద్యంతో తూచకూడదని నా మనవి. 1506లోనే సెయింట్ పీటర్స్ కొత్త ఆలయానికి శంకుస్థాపన చేసినవాడు, సిస్టీన్ ప్రార్థనాలయపు పైకప్పును మైకెలాంజెలోకు, తన నివాసపు గదులను రాఫెల్‌కు అప్పగించినవాడు కూడా ఆయనే. రాఫెల్ ఆ గదుల్లో ప్లేటో, అరిస్టాటిల్‌ల చేతుల్లో పెట్టినవి పుస్తకాలే.

మంజీర:
ఒప్పుకొంటాను. పుస్తకాన్ని గోడ మీద గీయించాడు, చేతిలో మాత్రం ఉంచుకోలేదు. పినాకిని గారు మొత్తం అన్న మాట ఎత్తారు కనుక ఒక పాత బాకీ గుర్తు చేస్తాను. కిందటి ఏడాది “గురుని ప్రతిమ పిరంగియై గుండ్లు రువ్వె” అన్న సమస్యకు ఆయన పూరణ ఇది:

నాలుగేండ్లును నిండక నరులు గూల్చి
కంచు నిచ్చిరి; దొర దానిఁ గరఁగఁ బోసె;
దాని కిడె జూలియా యను తరుణి పేరు;
గురుని ప్రతిమ పిరంగియై గుండ్లు రువ్వె

1511లో పాత పాలకులైన బెంతివోల్యో వంశీయులు బొలోన్యాకు తిరిగి వచ్చాక ఆ కంచు ప్రతిమను కూల్చడం, ఫెరారా డ్యూక్ అల్ఫోన్సో దానితో ఫిరంగి పోయించి జూలియా అని పేరు పెట్టడం నిజమే. కాని డ్యూక్ తలను కరిగించకుండా దాచుకున్నాడని వసారి చెబుతాడు. ఆ నాడే అన్నాను, ప్రతిమ అంతా ఫిరంగి కాలేదని. పినాకిని గారు జవాబివ్వలేదు.

పినాకిని:
జవాబివ్వకపోవడానికి కారణం, మీరు చెప్పింది సరైనది కావడమే. ఏడాది పట్టినా సవరించాను:

నాలుగేండ్లును నిండక నరులు గూల్చు
కంచు నందిన దొర దాఁచెఁ గాదె తలను;
తక్కినది జూలియా యను తరుణి యయ్యె;
గురుని ప్రతిమ పిరంగియై గుండ్లు రువ్వె