పదకొండు పత్రాలు, మూడు పేర్లు

ప్రశ్న (బైరాగిపట్టెడ, ఇప్పుడు హ్యూస్టన్)

పెద్దలందరికీ నమస్కారం. ఎస్వీ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ ముగించుకొని, రెండు నెలల క్రితం ఇక్కడ పోస్ట్‌డాక్‌గా చేరాను. గూగుల్ స్కాలర్ లెక్కలో నాకు 11 పరిశోధన పత్రాలు, 212 సైటేషన్లు (ఇతర పత్రాలు వాటిని ఉటంకించిన లెక్క), హెచ్-ఇండెక్స్ 7 ఉన్నాయి. వైద్య, జీవశాస్త్ర పత్రాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో వెతికితే నాలుగే కనబడుతున్నాయి. ముందుముందు గ్రీన్‌కార్డుకు సొంతంగా దరఖాస్తు పెట్టుకోవడానికి ఈ అంకెలు చాలునా, అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

కొర్లగుంట, ఇప్పుడు బాల్టిమోర్

అమ్మా, అంకెల సంగతి తరువాత. మీ పేరు ఎన్ని రూపాలలో అచ్చయిందో ముందు లెక్కపెట్టండి. మన వైపు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాసి, పెట్టిన పేరును చివర రాస్తాము. చాలా పత్రికలు ఆ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి, పబ్‌మెడ్ కూడా దానినే ముందుకు తెచ్చి మిగిలినదంతా పొడి అక్షరాలు చేస్తుంది.

నా ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, పత్రాలలో ఒక్క అక్షరంగా ఉండేది, డాక్టరేటు పట్టాలో అసలే లేదు. దరఖాస్తుతో 14 పత్రాలు జతచేస్తే, అందులో తొమ్మిది వేరే మనిషివిగా కనబడుతున్నాయి, రుజువు పంపండి అని ఒక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఫోను చేస్తే యంత్రమే పలికేది. డెబ్బై దాటిన మా నాన్నగారు మే నెల ఎండలో నోటరీ దగ్గరకు తిరిగి, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని ప్రమాణపత్రం తెచ్చారు. దానిలో నా పుట్టిన తేదీ తప్పు పడడంతో మళ్లీ తిరిగారు. పదవీ విరమణ చేసి కాణిపాకం దగ్గర సొంత ఊరికి వెళ్లిపోయిన మా గైడుగారి ఆచూకీ పట్టుకొని, ఒక్కొక్క పత్రం శీర్షికనూ పేర్కొంటూ ఉత్తరం రాయించుకున్నాను. ఐదు నెలల ఈ తిరుగుడులో నా పరిశోధన దేని గురించి అని ఒక్కరూ అడగలేదు. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య 2012 నుంచి ఉచితంగానే దొరుకుతున్నది. ఈ వారమే తీసుకొని పాత పత్రాలన్నీ దానికి చేర్చండి, ఇకమీదట పాస్‌పోర్టులోని రూపంలోనే పేరు రాయండి.

గ్రీమ్స్‌పేట, ఇప్పుడు న్యూజెర్సీ

అడిగినదానికి నేను జవాబు చెబుతాను. అసాధారణ ప్రతిభ చూపినవారికి ఉన్న ఈబీ-1ఏ అనే గ్రీన్‌కార్డు దారిలో పది ప్రమాణాలలో కనీసం మూడు చూపాలి, ఆ గడప దాటాక మొత్తం కలిపి మరోసారి తూస్తారు. మన పని దేశానికి మేలని చూపి, ఉద్యోగమిచ్చే సంస్థ లేకుండానే పెట్టుకునే జాతీయ ప్రయోజన మినహాయింపు దారికి, ధనసర్ అనే దరఖాస్తుదారు కేసులో 2016లో వచ్చిన నిర్ణయం పెట్టిన మూడు షరతులు ఉన్నాయి. ఇన్ని సైటేషన్లు ఉండి తీరాలని రెండింటిలోనూ ఎక్కడా రాసిలేదు. రాసిలేకపోయినా, ఫైలు చూసే అధికారి జీవశాస్త్రం చదివినవాడు కానక్కరలేదు కనుక, అతనికి ముందుగా కంటపడేది సైటేషన్ల అంకె, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇతరుల పత్రాలను సమీక్షించడం కూడా ఆ పదింటిలో ఒక ప్రమాణం కిందికి వస్తుంది. పత్రికలు అడిగితే కాదనకుండా చేసి, వారు పంపిన ఈమెయిళ్లు భద్రంగా దాచుకోండి.

కట్టమంచి, ఇప్పుడు బోస్టన్

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ విషయంలో గ్రీమ్స్‌పేట అన్నగారితో ఏకీభవించలేను. గత రెండేళ్లలో ఒక పత్రిక వేసిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. నాలుగు పత్రాలు మోస్తే మిగిలినవన్నీ ఆ పల్లకిలో ఊరేగుతాయి. దానితో మనుషులను కొలవవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చున్న పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు ప్రకటనే తయారుచేశారు. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. మీ 7కు అర్థం, ఏడేసి సైటేషన్లకు తగ్గనివి ఏడు పత్రాలు ఉన్నాయని మాత్రమే. వయసుతో పెరిగే ఆ అంకె కొత్తవారి గురించి చెప్పేది తక్కువ. దానికంటే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి ఐసైట్ అనే వెబ్‌సైటులో మీ పత్రాల సాపేక్ష సైటేషన్ నిష్పత్తి చూసుకోండి. అది మీ రంగంతో, ప్రచురించిన ఏడాదితో పోల్చి లెక్కగడుతుంది, ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పత్రాల వరుసలో నడిమిదానికి 1.0 వస్తుంది. పబ్‌మెడ్‌లో ఉన్నవాటికే ఆ లెక్క దొరుకుతుంది కాబట్టి కొర్లగుంట వారి మాట ఇక్కడా చెల్లుతుంది.

సైటేషన్ అంటే గొప్పతనం అనుకోవద్దు, వాడకం అనుకోండి. ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి పత్రం 1951లో వచ్చి, 2014 నాటికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు పొందింది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో మాలిబ్డేట్‌తో నీలిరంగు తెప్పించి ఫాస్ఫరస్ కొలిచి ఉంటారు కదా, ఆ ఫిస్కె–సుబ్బారావు పత్రం 1925 నాటిది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారికి హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన 1948లో కన్నుమూస్తే, ఏ పత్రాన్ని ఎవరు ఉటంకించారో చూపే గార్‌ఫీల్డ్ సైటేషన్ సూచిక వెలువడింది 1964లో.

గ్రీమ్స్‌పేట, ఇప్పుడు న్యూజెర్సీ

సుబ్బారావుగారు వీసా ఫైలు పెట్టుకోలేదు కదమ్మా. పైగా ఆ పత్రంలో ఆయనది రెండవ పేరు. వైద్య పరిశోధనలో మొదటి పేరు పనిచేసినవారిది, చివరి పేరు ల్యాబు పెద్దది. నడుమ ఉన్నవారిని ఎవరు చూస్తారు?

కట్టమంచి, ఇప్పుడు బోస్టన్

అందుకే నడుమ ఉన్న పత్రాలలో మన వాటా ఏమిటో ఉత్తరాలలో విడమరిచి రాయించుకోవాలి. మన పత్రాన్ని ఎవరు, దేనికి వాడుకున్నారో చూపే రెండు వాక్యాలు, వివరణ లేని 200 సైటేషన్ల కంటే ఎక్కువ బరువు తూగుతాయి.

ప్రశ్న అడిగినవారు (హ్యూస్టన్)

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఆర్కిడ్ తీసుకొని కూర్చుంటే నా పేరు మూడు రూపాలలో తేలింది, పబ్‌మెడ్‌లో మరో మూడు పత్రాలు దొరికాయి. అయితే స్కాలర్ నా ఖాతాలో వేసిన 11లో ఒకటి నాది కాదు. నా పేరే ఉన్న ఒక దంతవైద్యురాలిది. అన్నింటికంటే ఎక్కువగా, 71 సైటేషన్లు దానికే ఉన్నాయి. తీసివేస్తే 141 మిగిలి, హెచ్-ఇండెక్స్ 6కు దిగుతుంది. ఏమి చేయమంటారు?

కొర్లగుంట, ఇప్పుడు బాల్టిమోర్

పడుకునే ముందే తీసివేయండి తల్లీ. ఆ డాక్టరమ్మ కూడా ఎక్కడో తన పత్రం కోసం వెతుక్కుంటూ ఉంటుంది.