అప్‌డేట్: విల్లు పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న వెండి నాణెం సంగతి తేలింది

ఈ నాణెం ఏమిటి, అసలుదేనా అని పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. లండన్ కాయిన్ ఫెయిర్‌లో కొన్న చింతగింజంత వెండి ముక్క. ఒకవైపు మోకాలు వంచిన విలుకాడు, వెనక వట్టి గుంట. నకిలీయేమోనని టెన్షన్ పడ్డాను.

నాణేల నిపుణుడికి చూపించాను. అసలుదే! 5.4 గ్రాముల పర్షియన్ సిగ్లోస్, అంటే ప్రాచీన పర్షియా వెండి నాణెం. "వేటగాడు కాదు, రాజు" అని ఇక్కడ చెప్పినవారిదే కరెక్ట్, థ్యాంక్సండీ. భూతద్దంలో పళ్లపళ్లుగా కిరీటం, ఒక చేత విల్లు, మరో చేత బల్లెం కనిపించాయి. ఫలానా రాజు ముఖం కాదట. పర్షియా చక్రవర్తి మొదటి డరయస్ కాలంలో మొదలైన రాజచిహ్నం. వెనక గుంట ముద్ర కొట్టిన పోటుదే, అటు బొమ్మ ఉండదు. నేను డ్యామేజ్ అనుకున్న చిన్న గాట్లు, అప్పటివాళ్లు వెండిని పరీక్షిస్తూ కొట్టినవట.

నకిలీని పట్టడానికి అయస్కాంతం టెస్ట్ మాత్రం దండగ. వెండిలాగే రాగి, సీసం కూడా దానికి అంటుకోవు కదా.